ఇంటి కెమెరాలకి, వైఫై యాక్సెస్ పాయింట్లకి పీఓఈ స్విచ్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో ఇంటికి కెమెరాలు పెట్టించుకునేవాళ్ళు మెగాపిక్సెళ్ళ గురించి గంటసేపు అడుగుతారు. వాటన్నిటికీ నెట్‌వర్క్ వైరు మీదే కరెంటు ఇచ్చే పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) స్విచ్చి దగ్గరకొచ్చేసరికి "ఎనిమిది పోర్టులది ఒకటి వేసెయ్యండి" అని ఊరుకుంటారు. ఆ తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ మాటే. స్విచ్చి కొనేటప్పుడు లెక్కపెట్టాల్సింది పోర్టులు కాదు, వాట్లు. స్విచ్చి తర్వాత చూడాల్సింది వైరు. కింద ఉన్న ప్రశ్నల్లో చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

పీఓఈ స్విచ్చికీ మామూలు స్విచ్చికీ తేడా ఏమిటి?

మామూలు నెట్‌వర్క్ స్విచ్చి డేటా మాత్రమే పంపుతుంది. పీఓఈ స్విచ్చి అదే నెట్‌వర్క్ వైరు మీద సుమారు 48 వోల్టుల డీసీ కరెంటు కూడా పంపుతుంది. కాబట్టి గేటు మీది కెమెరాకో, మేడ మెట్ల దగ్గర వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింటుకో పక్కనే ప్లగ్గు, అడాప్టరు అక్కర్లేదు. ఒక్క వైరు చాలు. ఇన్వర్టరు మీద స్విచ్చి ఒక్కటి ఉంటే కరెంటు పోయినా అన్నీ నడుస్తాయి. మన దగ్గర పీఓఈ పెట్టించుకోవడానికి అసలు కారణం ఇదే అనుకోవచ్చు.

పీఓఈ పోర్టుకి టీవీ, ల్యాప్‌టాప్ తగిలిస్తే కాలిపోతాయా?

ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్చి అయితే కాలవు. కరెంటు వదిలే ముందు అది పోర్టు మీద 2.7 నుంచి 10 వోల్టుల మధ్య చిన్న వోల్టేజీ పెట్టి, అవతల 25 కిలో ఓమ్‌ల గుర్తింపు రెసిస్టర్ ఉందో లేదో చూస్తుంది. ఉంటేనే 48 వోల్టులు వదులుతుంది. టీవీలో ఆ రెసిస్టర్ ఉండదు కాబట్టి డేటా మాత్రమే వెళ్తుంది.

కాల్చేది 'పాసివ్ పీఓఈ'. అది అడగకుండానే వైరులోకి 24 వోల్టులో 48 వోల్టులో తోసేస్తుంది. అట్టపెట్టె మీద పీఓఈ అని ఉండి, 802.3ఏఎఫ్ గానీ 802.3ఏటీ గానీ ప్రమాణం పేరు లేకపోతే అనుమానించండి. పరీక్ష సులువు. పాత ప్యాచ్ వైరు ఒక కొన కోసి, ఎనిమిది తీగలూ ఒకదానికొకటి తగలకుండా విడదీసి, రెండో కొన పోర్టులో పెట్టండి. మల్టీమీటరుని డీసీ మీద పెట్టి నీలం జతకీ గోధుమ జతకీ మధ్య, తర్వాత నారింజ జతకీ ఆకుపచ్చ జతకీ మధ్య కొలవండి. అంకె నిలకడ లేకుండా కొద్ది వోల్టుల్లోనే కదులుతుంటే మంచి స్విచ్చి. ఏమీ తగిలించకుండానే 24, 48 అని నిలకడగా చూపిస్తే అది పాసివ్. ఇంట్లో పిల్లల ల్యాప్‌టాప్ కూడా అదే స్విచ్చికి తగిలిస్తారు కాబట్టి పాసివ్‌ది కొనవద్దు.

ఏఎఫ్, ఏటీ, బీటీ అంటారు. నాకేది కావాలి?

802.3ఏఎఫ్ 2003లో వచ్చింది. పోర్టు దగ్గర 15.4 వాట్లు ఇస్తుంది, వైరులో పోయేది పోగా పరికరానికి 12.95 వాట్లు గ్యారంటీ. 802.3ఏటీ 2009లో వచ్చింది. దీనినే పీఓఈ ప్లస్ అంటారు. పోర్టు దగ్గర 30 వాట్లు, పరికరం దగ్గర 25.5. 2018లో వచ్చిన 802.3బీటీ పోర్టుకి 60, 90 వాట్ల దాకా వెళ్తుంది, ఇళ్ళకి దాని అవసరం అరుదు.

తిరగని బుల్లెట్, డోమ్ కెమెరాలకి ఏఎఫ్ సరిపోతుంది. తిరిగే పీటీజెడ్ కెమెరాకి, వైఫై 6 లో పెద్ద యాక్సెస్ పాయింట్లకి, వైఫై 7 వాటికి ఏటీ కావాలి. ఈ రోజు కొనేవాళ్ళు అన్ని పోర్టులూ ఏటీ ఉన్న స్విచ్చే తీసుకోండి. ఏటీ పోర్టుకి ఏఎఫ్ కెమెరా తగిలిస్తే నష్టం లేదు, అది తనకి కావాల్సినంతే తీసుకుంటుంది. ఏఎఫ్ పోర్టుకి ఏటీ యాక్సెస్ పాయింటు తగిలిస్తే మాత్రం కొన్ని వెలగనే వెలగవు. కొన్ని వెలిగి, రేడియో శక్తి తగ్గించుకుని నడుస్తాయి. రెండోది ఎక్కువ చికాకు, ఎందుకంటే దీపం వెలుగుతూనే ఉంటుంది, పక్క గదిలో సిగ్నల్ మాత్రం రాదు. తప్పు గోడదని అనుకుంటారు.

మా ఇంటికి ఎన్ని వాట్ల స్విచ్చి కావాలి?

పెట్టె మీద 'పీఓఈ బడ్జెట్' అని ఒక అంకె ఉంటుంది: 40, 65, 120, 150 వాట్లు ఇలా. అన్ని పోర్టులూ కలిపి ఇవ్వగలిగింది అంతే. ఎనిమిది పోర్టులూ 30 వాట్లవి అని రాసి, బడ్జెట్ 65 వాట్లు అని ఉంటే, రెండు పోర్టులకి పూర్తిగా ఇవ్వగలదు, మిగిలిన ఆరూ ఆ 5 వాట్లే పంచుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. విజయనగరంలో రెండంతస్తుల డాబా అనుకోండి. గేటు, సావిడి, పెరడు, మేడ మెట్లు, ఈ నాలుగు చోట్లా 4 మెగాపిక్సెల్ బుల్లెట్ కెమెరాలు. కింద ఒకటి, పైన ఒకటి యాక్సెస్ పాయింట్లు. కెమెరా కాగితంలో 'గరిష్ఠంగా' అని రాసిన అంకె తీసుకోవాలి. పగటి వాడకం కాదు, రాత్రి చీకట్లో చూడ్డానికి కెమెరాలోని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) దీపాలు వెలిగినప్పటిది. అది 8 వాట్లు అనుకుంటే నాలుగింటికీ 32. యాక్సెస్ పాయింటు ఒక్కోటి 13 చొప్పున 26. మొత్తం 58.

65 వాట్ల స్విచ్చి సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు, రెండు కారణాలు. ఒకటి, రేపు వీధి మూల మీదకి ఇంకో కెమెరా అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. రెండోది చాలామందికి తెలియనిది. కొన్ని స్విచ్చిలు పరికరం వాడే వాట్లని కాకుండా, తనకి ఎంత కావాలో అది చెప్పుకునే 'క్లాసు'ని బట్టి వాట్లు పక్కన పెట్టేస్తాయి. క్లాస్ 1 కి 4 వాట్లు, క్లాస్ 2 కి 7, క్లాస్ 0 కి, క్లాస్ 3 కి 15.4, క్లాస్ 4 కి 30. కెమెరా 6 వాట్లే తిన్నా, క్లాస్ 0 అని చెప్పుకుంటే 15.4 దాని పేరున రాసేస్తుంది. నాలుగు కెమెరాలకే 61.6 అయిపోయి, యాక్సెస్ పాయింటు తగిలించగానే పోర్టు వెలగదు. పోర్టు పాడైందని దుకాణానికి పట్టుకెళ్తారు. పోర్టు బాగానే ఉంటుంది.

కాబట్టి మొత్తం మీద 30 శాతం కలపండి. 58 కి కలిపితే 75. ఆ పైన దొరికేది చాలామటుకు 120 వాట్లది, అది తీసుకోండి. తర్వాత 20 వాట్ల పీటీజెడ్ ఒకటి కలిపినా మొత్తం 78 వాట్లే, దానిమీద 30 శాతం వేసినా 101, బడ్జెట్ లోపే ఉంటారు.

ఇంకొకటి చూడండి. బయట అడాప్టరు ఉన్న స్విచ్చి అయితే అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు గుణించండి. 48 వోల్టులు, 1.25 ఆంపియర్లు అంటే 60 వాట్లు. దాన్లోంచే స్విచ్చి తన సొంతానికి 5 వాట్లో అంతకన్నా ఎక్కువో తీసుకుంటుంది. పెట్టె మీద 96 వాట్లు అని, లోపల 60 వాట్ల అడాప్టరు ఉంటే ఆ పెట్టె తిరిగి ఇచ్చేయండి.

8 పోర్టుల స్విచ్చి కొన్నాం, నాలుగింట్లోనే కరెంటు వస్తోంది. ఎందుకు?

అది నాలుగు పీఓఈ పోర్టుల స్విచ్చే. మిగిలిన నాలుగు డేటాకి మాత్రమే. పోర్టుల కింద గీత గీసి పీఓఈ అని రాసి ఉంటుంది చూడండి. రౌటరు, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగు పెట్టె), టీవీ ఆ మామూలు వాటికి తగిలించండి.

పగలంతా కెమెరా బాగుంటుంది, చీకటి పడగానే ఆగి ఆగి వస్తోంది. కెమెరా పాడైందా?

బహుశా కాదు. చీకటి పడగానే ఐఆర్ దీపాలు వెలిగి కెమెరా వాడకం 3, 4 వాట్ల నుంచి 7, 8 వాట్లకి ఎక్కుతుంది. ఆ బరువు మోయలేనిది ఎక్కడో ఒకచోట ఉంది. కరెంటు అందక కెమెరా ఆగిపోతుంది. ఆగగానే బరువు తగ్గి మళ్ళీ లేస్తుంది, లేచాక చీకటి చూసి మళ్ళీ దీపాలు వేస్తుంది, మళ్ళీ పడిపోతుంది. రాత్రంతా అదే చక్రం.

కనిపెట్టడానికి రాత్రి దాకా ఆగనక్కర్లేదు. పట్టపగలు కెమెరా ముందుభాగాన్ని నల్లటి మందపాటి గుడ్డతో పూర్తిగా కప్పేయండి. కాసేపటికి టిక్ మని చిన్న చప్పుడు వస్తుంది, లోపల ఫిల్టరు కదిలిన చప్పుడది. ఐఆర్ దీపాలు ఎర్రగా మసకగా వెలుగుతాయి. అప్పుడే పడిపోతే కారణం కరెంటే. తర్వాత కెమెరాని దించి, స్విచ్చి పక్కనే రెండు మీటర్ల మంచి వైరుతో తగిలించి మళ్ళీ గుడ్డ కప్పండి. ఇప్పుడు నిలబడితే తప్పు పాత వైరుదో, దాని కొనల్లో కనెక్టరు బిగించిన క్రింపింగుదో. ఇప్పుడూ పడిపోతే మిగతా పరికరాలన్నీ తీసి ఈ ఒక్కటే ఉంచి చూడండి. అప్పుడు నిలబడితే స్విచ్చి బడ్జెట్ చాలడం లేదు. ఒక్కటే ఉన్నా పడిపోతే అప్పుడు కెమెరాని అనుమానించండి.

ఇంకో రకం ఉంది. కొందరు పీఓఈ స్విచ్చి ఖర్చు ఎందుకని మామూలు స్విచ్చి పెట్టి, వైరులోని ఖాళీ జతల మీద 12 వోల్టుల అడాప్టరు కరెంటు పంపుతారు. 8 వాట్ల కెమెరా 12 వోల్టుల దగ్గర 0.67 ఆంపియర్లు లాగుతుంది. మంచి రాగి క్యాట్5ఈ వైరు 70 మీటర్లకి, జత తీగలు కలిపి వాడినా, పోను రాను సుమారు 5.9 ఓమ్‌లు. అంటే దార్లోనే దాదాపు 4 వోల్టులు పోయి, కెమెరాకి 8 మిగులుతాయి. నిలబడదు. అదే కెమెరాకి 48 వోల్టుల మీద 0.17 ఆంపియర్లు చాలు, పోయేది 1 వోల్టు. పీఓఈ ఎందుకు 48 వోల్టుల మీద నడుస్తుందో ఈ ఒక్క లెక్కలో ఉంది.

ఏ వైరు కొనాలి? అన్నీ క్యాట్6 అనే అంటున్నారు.

పూర్తి రాగి వైరు కొనండి. తక్కువ ధరకి వచ్చే వాటిల్లో ఎక్కువ భాగం అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసినవి. వీటిని సీసీఏ అంటారు. అల్యూమినియం నిరోధం రాగి కన్నా దాదాపు 60 శాతం ఎక్కువ. దానికంటే పెద్ద చేటు కొనల దగ్గర. అల్యూమినియం మెత్తన, క్రింపు చేసిన చోట పూత చీలి, గాలి తగిలి, పైన ఆక్సైడ్ పొర కడుతుంది. అక్కడ పట్టు వదులై వేడెక్కుతుంది. పెట్టిన రోజు పనిచేసి రెండో వానాకాలానికి మొరాయించేవి ఇవే. పెట్టె మీద క్యాట్6 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, సీసీఏ వైరు ఆ ప్రమాణానికి చెందదు.

దుకాణంలోనే చూడొచ్చు. ఒక తీగ తొక్క తీసి బ్లేడుతో పైపైన గీకండి. గీకిన చోట తెల్లగా మెరిస్తే అల్యూమినియం. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. 305 మీటర్ల పెట్టె చేతిలోకి తీసుకుంటే బరువులోనే తేడా తెలుస్తుంది.

ఆరుబయట వేసేది నల్లటి పాలిథిలిన్ తొడుగు ఉన్నది అయి ఉండాలి. ఇంట్లో వేసే బూడిదరంగు పీవీసీ వైరు మన ఎండకి పెళుసెక్కి పగులుతుంది, పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి దిగి, వైరు వెంబడే కిందికి జారి స్విచ్చి పోర్టు దాకా వస్తాయి. 230 వోల్టుల వైర్లున్న పైపులోంచి దీన్ని తీసుకెళ్ళకండి. విడిగా 25 ఎంఎం పైపు వేసి, కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి. దాటక తప్పనిచోట అడ్డంగా దాటించండి.

క్రింపింగులో వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొనలా ఇదే. "రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు, రంగు ఏదైతేనేం" అని వరసగా జతలు పెట్టేసేవాళ్ళున్నారు. అప్పుడు 3, 6 తీగలు రెండు వేరువేరు జతల్లో పడి, టెస్టరులో ఎనిమిది దీపాలూ వెలిగినా దూరం పెరిగేకొద్దీ డేటా తప్పిపోతుంది.

స్పీడ్ టెస్టు ఎప్పుడు చేసినా 94 దగ్గరే ఆగుతోంది, ప్లాను 300 ఎంబీపీఎస్‌ది.

ఆ అంకె చూడగానే దార్లో ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఉందని అర్థం. '8+2' అని అమ్మే కెమెరా స్విచ్చిల్లో చాలావాటిలో ఎనిమిది పీఓఈ పోర్టులూ 100 ఎంబీపీఎస్‌వే, గిగాబిట్‌వి పక్కనున్న రెండు మాత్రమే, వాటిలో పీఓఈ ఉండదు. యాక్సెస్ పాయింటుకి పీఓఈ కావాలి కాబట్టి 100 పోర్టులో కూర్చుంటుంది. కెమెరాలకి అది పుష్కలం, 4 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 (వీడియోని కుదించే పద్ధతి) లో పంపేది 4 ఎంబీపీఎస్ చుట్టుపక్కలే. యాక్సెస్ పాయింటుకి మాత్రం కాళ్ళు కట్టేసినట్టు.

స్విచ్చి అంతా గిగాబిట్ అయి ఉండి కూడా 94 వస్తుంటే వైరులో ఒక తీగ తెగిందన్నమాట. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఒకటి పోతే చాలా పరికరాలు చప్పుడు లేకుండా 100 కి దిగిపోతాయి. కొనలు కోసి మళ్ళీ క్రింపు చేయండి.

కెమెరాలు మాత్రమే అయితే 100 పోర్టుల స్విచ్చి కొనుక్కోండి, డబ్బు మిగులుతుంది. యాక్సెస్ పాయింట్లు కూడా ఉంటే మొత్తం గిగాబిట్‌ది తప్పదు. 2.5 గిగాబిట్ పోర్టులకి ఇప్పుడే ఎక్కువ పెట్టడం, మీ ఇంటర్నెట్ ప్లాను 1 గిగాబిట్ దాటనంతవరకు, మా దృష్టిలో అనవసరం.

ఎన్‌వీఆర్ వెనకే పీఓఈ పోర్టులున్నాయి. ఇంకా స్విచ్చి ఎందుకు?

కెమెరాలొక్కటే అయితే అక్కర్లేదు. కానీ ఆ పోర్టులు చాలా ఎన్‌వీఆర్‌లలో విడి నెట్‌వర్కు. వాటిలో యాక్సెస్ పాయింటు తగిలిస్తే దీపం వెలుగుతుంది, ఇంటర్నెట్ రాదు. పైగా వైర్లన్నీ ఎన్‌వీఆర్ ఉన్న గదికే రావాలి. స్విచ్చి ఉంటే వైర్లన్నీ మేడ మెట్ల కింద కలుపుకుని, ఎన్‌వీఆర్‌ని లోపల బీరువా గదిలో దాచుకోవచ్చు. దొంగ ముందు వెతికేది దాన్నే కదా.

మేనేజ్డ్ స్విచ్చి అవసరమా?

మేనేజ్డ్ అంటే ఫోన్లోంచో కంప్యూటరులోంచో సెట్టింగులు మార్చగలిగే స్విచ్చి. మూడు పనులకి అవసరం. పనిచేయకుండా బిగుసుకుపోయిన కెమెరాని నిచ్చెన ఎక్కకుండా, ఫోన్లోంచే ఆ పోర్టు కరెంటు ఆపి మళ్ళీ ఇవ్వడానికి. బడ్జెట్ తగ్గినప్పుడు ఏ పోర్టు ముందు ఆగాలో చెప్పడానికి: గేటు కెమెరాకి అన్నిటికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చి, పెరటి కెమెరాకి తక్కువ ఇవ్వొచ్చు. కెమెరాలని విడి వీలాన్‌లో (అదే స్విచ్చిలో వేరు నెట్‌వర్కులా పనిచేసే భాగం) పెట్టి ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల నుంచి వేరు చేయడానికి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఊళ్ళో పెద్దవాళ్ళున్న ఇల్లయితే మొదటి కారణం ఒక్కటే చాలు, కొద్ది సెట్టింగులే ఉండే 'ఈజీ స్మార్ట్' రకమైనా తీసుకోండి. పోర్టుకి పీఓఈ ఆన్, ఆఫ్ ఉందో లేదో అడిగి తీసుకోండి, కొన్నిట్లో ఉండదు. పెట్టిన రోజే స్విచ్చికీ, కెమెరాలకీ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చండి.

ఉద్దానంలో మా కొబ్బరితోట గేటు ఇంటికి 180 మీటర్లు. కెమెరా పెట్టగలమా?

నెట్‌వర్క్ వైరుకి హద్దు 100 మీటర్లు. దాటడానికి మూడు దారులు.

స్విచ్చి మీద 'ఎక్స్‌టెండ్' అనే మీట ఉంటే, వేగాన్ని 10 ఎంబీపీఎస్‌కి దించి 250 మీటర్ల దాకా పంపుతామంటారు. పూర్తి రాగి వైరు, మధ్యలో అతుకు లేకుండా, ఒక్క కెమెరాకి అయితే నడుస్తుంది. ఆ మీట వేస్తే చాలా స్విచ్చిల్లో ఒక్క పోర్టు కాదు, పీఓఈ పోర్టులన్నీ 10 కి దిగుతాయి. ఇంట్లో వైఫై మందగించిందంటే ఎవరో ఈ మీట నొక్కారేమో చూడండి.

రెండోది, 90 మీటర్ల దగ్గర పీఓఈ ఎక్స్‌టెండర్. దానికి విడిగా ప్లగ్గు అక్కర్లేదు, వచ్చే కరెంటులోంచి కొంత తను వాడుకుని మిగిలింది ముందుకి పంపుతుంది. వాన తగలని పెట్టెలో పెట్టాలి, చీమలు పట్టకుండా చూసుకోవాలి.

మూడోది ఫైబర్. రెండు కొనలా ఫైబర్‌ని నెట్‌వర్క్ వైరుకి కలిపే మీడియా కన్వర్టర్లు, గేటు దగ్గర చిన్న పీఓఈ స్విచ్చి, దానికి అక్కడ కరెంటు. మోటారు షెడ్డు గేటు పక్కనే ఉంటే ఇది సులువు. తోటల్లో మేము ముందు చెప్పేది ఇదే, కారణం పిడుగులు. చెట్ల మధ్య 180 మీటర్ల రాగి తీగ పరిస్తే, పక్కన ఎక్కడ పిడుగు పడ్డా ఆ వోల్టేజీ ఉప్పెనంతా ఇంట్లో స్విచ్చి మీదకి వస్తుంది. ఇనుపతీగ బలం లేని గాజు ఫైబర్ తీసుకుంటే ఆ దారి ఉండదు.

ఏప్రిల్, మే గాలివానల్లో పిడుగు పడితే స్విచ్చి పోతుందా? ఏం చేయాలి?

నేరుగా ఇంటి మీద పడితే ఏదీ ఆపలేదు. ఎక్కువ సామాను పోయేది మాత్రం దూరంగా పడిన పిడుగు వల్ల, పిట్టగోడ మీదగా, స్తంభం మీదగా వెళ్ళిన వైర్లలో పుట్టే ఉప్పెన వల్ల. దానికి చేయగలిగింది చాలా ఉంది.

ఆరుబయటికి వెళ్ళే ప్రతి వైరుకీ ఇంట్లోకి వచ్చేచోట పీఓఈకి పనికొచ్చే ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. దాని ఎర్త్ తీగ పొట్టిగా, మెలికలు లేకుండా ఎర్తింగుకి చేరాలి. ఆ తీగ వదిలేస్తే ప్రొటెక్టరు ఉన్నా లేనట్టే, చాలా ఇళ్ళలో అది గాల్లో వేలాడుతూ కనిపిస్తుంది. స్విచ్చి వెనక ఎర్త్ మర ఉంటే 2.5 చదరపు ఎంఎం ఆకుపచ్చ తీగతో కలపండి. ముందు అసలు ఎర్తింగు ఉందో చూసుకోండి. ప్లగ్గులో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వోల్టేజీ దాదాపు సమానంగా రావాలి. ఎర్త్ వైపు బాగా తక్కువ వస్తే గొయ్యి ఎండిపోయిందో, తీగ తెగిందో. ఈ పరీక్ష ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

రెండు ఇళ్ళ మధ్య, ఉదాహరణకి అన్నదమ్ముల ఇళ్ళ మధ్య, రాగి వైరు లాగకండి. రెండు ఎర్తింగులకీ మధ్య తేడా ఉంటే అది నెట్‌వర్క్ వైరులోంచి పారుతుంది. అక్కడ ఫైబరే.

కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో కనెక్టర్లు పచ్చబడిపోతున్నాయి.

ఉప్పుగాలికి డీసీ కరెంటు తోడైతే తుప్పు వేగం పెరుగుతుంది. ఆర్‌జే45 (నెట్‌వర్క్ వైరు కొన కనెక్టరు) మొనల మధ్య ఉప్పు తేమ చేరితే 48 వోల్టులు అందులోంచి కొంచెం కొంచెంగా పారి, పాజిటివ్ మొనల్ని తినేస్తాయి. విప్పి చూస్తే ఎనిమిదిలో కొన్ని మొనలు పచ్చగానో నల్లగానో, మిగిలినవి కొత్తవాటిలా మెరుస్తూ ఉంటాయి. తప్పు తేమదే అనడానికి అదే గుర్తు.

కెమెరా తోక వైరుని, దాని జాయింటుని గోడ బయట వేలాడనివ్వకండి. కెమెరా వెనక దుమ్ము, నీళ్ళు చొరని ఐపీ66 జంక్షన్ పెట్టె పెట్టి జాయింటు లోపలికి తోయండి. కెమెరాతో పాటు వచ్చే రబ్బరు గ్లాండు, మూత ఉంటాయి. చాలామంది వాటిని పెట్టెలోనే వదిలేస్తారు, అవి తప్పక వాడండి. మొనలకి డైఎలక్ట్రిక్ గ్రీజు కొద్దిగా రాసి, జాయింటు మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు చుట్టండి. మామూలు నల్ల టేపు ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. వైరు పెట్టెలోకి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు తిప్పి, రంధ్రం కింది వైపు నుంచి వెళ్ళనివ్వండి. వాననీరు వంపు దగ్గరే కారిపోతుంది.

స్విచ్చి ఎక్కడ పెట్టాలి?

మామూలు స్విచ్చిలు 40 డిగ్రీల గది వేడి దాకా అని రాసి ఉంటాయి. మే నెలలో రేకుల షెడ్డులోనో, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్క పెట్టెలోనో అంతకు మించుతుంది. ఇంటి లోపల, మెట్ల కింద, గాలి ఆడేచోట, నేల నుంచి కనీసం నాలుగడుగుల ఎత్తున గోడకి బిగించండి. వాన వరద లోపలికొచ్చే ఊళ్ళలో ఎత్తు ఇంకా పెంచండి. బయట తప్పదంటే 75 డిగ్రీల దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ రకం తీసుకోవాలి. పడకగది పక్కన అయితే ఫ్యాను లేనిది చూసుకోండి.

ఖాళీ పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి. వెచ్చగా ఉంటుంది కాబట్టి చీమలు పోర్టుల్లో గూళ్ళు పెడతాయి, బల్లులు అడాప్టర్ల వెనక చేరతాయి. వాటివల్ల షార్టయిన స్విచ్చిని సాధారణంగా వారంటీలో తీసుకోరు.

కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది?

పైన చెప్పిన ఇంటి లెక్కలో స్విచ్చి సగటున 50 వాట్లు, ఎన్‌వీఆర్ 15, రౌటరు పెట్టె 10 తీసుకుంటాయనుకుందాం, మొత్తం 75. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీలో 1800 వాట్-గంటలు ఉంటాయి. పూర్తిగా దించకూడదు కాబట్టి, ఇన్వర్టరులో పోయేది కూడా తీసేస్తే 900 దాకా వాడుకోవచ్చు. వీటికే అయితే 12 గంటలు. ఫ్యాన్లు, లైట్లు అదే బ్యాటరీ మీద ఉంటే అందులో మూడో వంతు కూడా రాకపోవచ్చు. రౌటరు కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఈ స్విచ్చికి పనికిరాదు, స్విచ్చికి 48 నుంచి 54 వోల్టులు కావాలి.

కరెంటు పోయినప్పుడల్లా కెమెరాలన్నీ ఒకసారి ఆగి రెండు నిమిషాలకి వస్తుంటే, ఇన్వర్టరు వెనక మీట 'యూపీఎస్' వైపు ఉందో లేదో చూడండి. ఆ వైపు ఉంటే మారే సమయం తగ్గి స్విచ్చి ఆగదు.

తుపానుల సంగతి వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తర్వాత చాలా ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే మేనేజ్డ్ స్విచ్చిలో గేటు కెమెరా, ఒక యాక్సెస్ పాయింటు తప్ప మిగతా పోర్టుల పీఓఈ ఆపేయండి. స్విచ్చి వాడకం దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. బయటి వైరు తెగి నీళ్ళలో నానిందని తెలిస్తే ఆ పోర్టు వైరు తీసేసి ఉంచండి. కనెక్టరు కోసి, ఆరిన వైరు మీద కొత్తది కొట్టాకే తిరిగి పెట్టండి.

పాత అనలాగ్ కెమెరాల కోయాక్స్ వైరు గోడల్లోనే ఉంది. దాన్ని వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. కోయాక్స్ మీద ఈథర్నెట్, పీఓఈ రెండూ పంపే కన్వర్టర్ జతలు దొరుకుతాయి. గోడ పగలగొట్టలేని చోటకే అది. పైపు ఖాళీగా ఉంటే పాత కోయాక్స్ కొనకి కొత్త క్యాట్6 కట్టి లాగేయండి, అదే వైరు దారి చూపిస్తుంది.

దుకాణంలో ఏమడగాలి?

బడ్జెట్ మొత్తం ఎన్ని వాట్లు, పోర్టుకి 30 వస్తాయా, పీఓఈ పోర్టులు ఎన్ని, అవి గిగాబిట్ అవునా కాదా, అడాప్టరు మీద ఏముంది, అడాప్టరుకి కూడా వారంటీ ఉందా. ఆఖరిది మరిచిపోకండి, స్విచ్చి కన్నా ముందు పోయేది చాలాసార్లు అదే. జీఎస్టీ బిల్లు తీసుకుని సీరియల్ నంబరు దాని మీద రాయించండి. ఇంటికొచ్చాక ఫోన్లో ఒక ఫోటో తీసి, ఏ పోర్టుకి ఏ కెమెరానో కాగితం మీద రాసి స్విచ్చి పక్కన అతికించండి. మూడేళ్ళ తర్వాత వచ్చే మెకానిక్‌కి అదే పెద్ద సాయం.